రెండో వైపు కూడా చూసే మేడమ్

ఈ ఉదయం జెల్ సీసాను వేడినీళ్లలోంచి తీసి అరచేతిలో పట్టుకోగానే రజియా మేడమ్ గుర్తొచ్చారు. చల్లటి జెల్ కడుపు మీద పడి గర్భిణి ఉలిక్కిపడితే ఆమెకు మహా కోపం. పటాన్‌చెరులో ఆమె నడిపిన స్కానింగ్ సెంటర్‌లో చేరేనాటికి నేను కొత్త డాక్టర్‌ని, పైగా తొందర మనిషిని. ఆమేమో కడుపులోని ఒక్కో పసి తలనూ పప్పులో రాళ్లు ఏరినట్టు చూసేవారు.

ఒకరోజు ఇస్నాపూర్ నుంచి ఎనిమిదో నెల గర్భిణి సుజాత అత్తగారితో వచ్చింది. నేను స్కాన్ చేసి, "అంతా మంచిగుందమ్మా" అనేశాను. మేడమ్ తెర మీదికి ఒంగారు.

"ఒక్క దిక్కే చూసినవ్. పై దిక్కు ఎముక నీడల మసకగుంది. జెర నడిపియ్యి, పసిగుడ్డు తిరుగుతది."

సుజాత వరండాలో పది చుట్లు తిరిగొచ్చింది. ఈసారి మెదడులో నీరుండే గది అంచున తెల్లటి మచ్చ కనిపించింది. అది రక్తం. ఇద్దరం తెర మీదికే ఒంగి చూస్తున్నాం.

మా మౌనాన్ని అత్తగారు మరోలా అర్థం చేసుకుంది. "ఏంది మేడమ్, సప్పుడు జేస్తలేరు? ఆడపిల్లనా? అయితే ఏమైతది? మా ఇంట్ల అందరు మగోళ్లే, పిల్ల లేక ఇల్లు బోసిపోయింది."

"అది జెప్తే నన్ను జైల్ల ఏస్తరమ్మా" అని నవ్వి, మేడమ్ నా వైపు తిరిగారు. "మంచిగుందన్నది నువ్వే గదా. ఇగ నువ్వే చెప్పు."

నేను సుజాత చెయ్యి పట్టుకున్నాను. "ముందు నేను సరిగ్గ చూడలే, తప్పు నాదే. పసిగుడ్డు తలల జెర రక్తం కారింది."

"బతుకుతదా?" అంది సుజాత. నేను మేడమ్ వైపు చూశాను.

"మచ్చ చిన్నది" అన్నారు మేడమ్. "లోపల నీరు పెరగకుంటే చానామంది మంచిగనే ఉంటరు. పరేషాన్ గాకు. ఇయ్యాల్నే హైదరాబాద్‌ల పెద్ద డాక్టర్‌కు చూపిద్దాం, వారం వారం మనం చూద్దాం."

ప్రతి సోమవారం సుజాత కంటే ముందు నాకే గుండె దడ. నీరు పెరగలేదు. నాలుగో వారానికి మచ్చ బాగా చిన్నదైంది. మేడమ్ కొలతలు రెండుసార్లు సరిచూసి, నా భుజం తట్టి, "ఇగ ఇప్పుడు అను, మంచిగుందని" అన్నారు. అన్నాను, ఏడుస్తూ అన్నాను. పుట్టింది ఆడపిల్లే. అత్తగారు సెంటరంతా జిలేబీ పంచుతూ, "గదేందో అప్పుడే జెప్తే అప్పుడే పంచకపోదునా" అని మేడమ్‌ను దెప్పింది.

పిల్లకిప్పుడు నాలుగేళ్లు, సెంటర్‌కొస్తే నా కుర్చీ ఎక్కి గిరగిరా తిరుగుతుంది. మేడమ్ సంగారెడ్డిలో విశ్రాంతిగా ఉన్నారు. మొన్న సుజాత రెండో కాన్పు స్కానింగ్‌కు నా దగ్గరికే వచ్చింది. అప్పుడు పొరపాటు చేసిన నా దగ్గరికే ఎందుకొచ్చావని అడిగాను.

"తప్పు నాదేనని మీ నోటితోనే చెప్పిన్రు గదా. ఇగ మీరు మంచిగుందంటే నాకు నమ్మకం."

ఆమె నిశ్చింతగా కళ్లు మూసుకుంది. నేను మాత్రం రెండు వైపులా చూసేదాకా నోరు విప్పలేదు.