రెండంగుళాల బాబాయి ఎక్కడికీ పోలేదు

మా టైలరు ఐపీ పెట్టి ఉడాయించాడని చెప్పుకుంటున్నారట. ఒకావిడైతే సూట్‌కేసుతో బస్సెక్కుతుంటే కళ్లారా చూసిందట. ఏ బస్సు? ఎవరి సూట్‌కేసు? ఆయన పక్క కొట్లో ఇస్త్రీ చేసేదాన్ని నేను. మా రెండు కొట్లకీ మధ్య ఉన్నది ఒక్క చెక్క గోడ. ఆయన తుమ్మితే ఇవతల నా క్యాలెండరు ఊగుతుంది. ఈ ఉదయం కూడా రెండుసార్లు ఊగింది.

మనిషి ఉన్నాడు. అప్పులున్న మాట నిజం. పారిపోవడం మాత్రం పచ్చి అబద్ధం.

వీధిలో అందరూ ఆయన్ని రెండంగుళాల బాబాయి అంటారు. చొక్కా కుట్టినా, ప్యాంటు కుట్టినా కుట్టు లోపల రెండంగుళాల గుడ్డ అదనంగా మడిచి వదిలేస్తాడు. లోపల గుచ్చుకుంటోంది మొర్రో అన్నా వినడు. "మనిషన్నవాడు జీవితమంతా ఒకే కొలతలో ఉండడమ్మాయ్. రేపు లావైతే ఏం చేస్తాడు?" అంటాడు.

ఆ అప్పులు తాగుడుకీ పేకాటకీ చేసినవి కావు. ఒక స్కూలువాళ్లు మూడు వందల బూడిదరంగు ప్యాంట్లు కుట్టమన్నారు. గుడ్డ అరువుకి తెచ్చాడు. వాయిదాల మీద రెండు కరెంటు మెషీన్లు కొన్నాడు. కూలీలకని బ్యాంకులో తీసుకున్నాడు, చాలక బావమరిది దగ్గర తీసుకున్నాడు. తీరా కుట్టడం పూర్తయ్యాక స్కూలుకి కొత్త హెడ్మాస్టరొచ్చి రంగు మార్చేశాడు. అడ్వాన్సు తీసుకోలేదా అని మీరు అడక్కండి. పిన్ని, అంటే ఆయన భార్య, అడిగి అడిగి నోరు నొప్పెట్టి ఊరుకుంది. ఇప్పుడు ఆ ప్యాంట్లన్నీ విప్పి కుట్టిన కర్టెన్లు, దిండు గలీబులు, మిక్సీ మీద కప్పే గుడ్డ, అన్నీ బూడిదరంగే. నా ఇస్త్రీ బల్ల మీద పరిచిందీ అదే.

ఆయన రాసుకున్న లెక్కన మొత్తం బాకీ ఐదు లక్షలు. చివరికి ఎవరో చెబితే అప్పుల మధ్యవర్తి ఆఫీసుకి వెళ్లాడు. అక్కడి మేడం ఒక ఒప్పందం రాసింది. నెలకి ఐదు వేల చొప్పున ఐదేళ్లు కట్టాలి. అలా మూడు లక్షలు కడితే మిగతా రెండు లక్షలు వదిలేస్తారు, ఎవరూ ఇంటిమీదకి రారు. కాకపోతే బాకీలో ముప్పాతిక వంతు ఇచ్చినవాళ్లు సరేనని సంతకం పెట్టాలి. దానికి మూడు వారాలు గడువు. ఒప్పుకోకపోతే మెషీన్లు పట్టుకుపోతారు, కొట్టు మూతపడుతుంది.

ఆ మూడు వారాలు పగవాడికి కూడా వద్దు. బాబాయి ఒక చేత్తో గుడ్డ పట్టుకుని, రెండో చేత్తో ఫోను పట్టుకుని కూర్చునేవాడు.

"ఏవండీ, ఆ ఫోను పక్కన పెట్టి సూదిలో దారం ఎక్కించండి" అనేది పిన్ని.

"ఫోనొస్తుందేమోనే."

"వస్తే అదే మోగుతుంది. మోగడం దాని పని, కుట్టడం మీ పని."

ఒకరోజు మోగింది. బాబాయి లేచి నిలబడి మరీ ఎత్తాడు. ఎవరో అమ్మాయి: "సార్, మీకు ఐదు లక్షల లోను రెడీగా ఉంది, తీసుకుంటారా?"

"తల్లీ, నా సంగతి నీకెవరూ చెప్పలేదా?" అని కూలబడ్డాడు.

బ్యాంకుకి ఫోను చేస్తే మిగతావాళ్లు ఏమన్నారని అడిగారు. మెషీన్ల కంపెనీకి చేస్తే బ్యాంకు ఏమందని అడిగారు. మధ్యలో బావమరిది దిగాడు.

"బావా, నీ కాగితాలు నాకు తెలీవు. నేనిచ్చింది నోట్లు, నాకు నోట్లే కావాలి."

పిన్నికి మండింది. "ఒరేయ్, నీ పెళ్లికి కోటు ఊరికే కుట్టిపెట్టినప్పుడు మీ బావ నోట్లు అడిగాడట్రా?"

"ఆ కోట్లో నాతోపాటు ఇంకొకడు పట్టేవాడక్కా!"

అరిచి అరిచి, అందరూ పెడితే తనూ పెడతానని చెప్పి పోయాడు. అదిగో, ప్రతివాడిదీ అదే మాట. అందరూ పెడితే నేను పెడతా. ఆ అందరూ అనేవాళ్లు ఎక్కడుంటారో నాకైతే ఇప్పటికీ అర్థం కాలేదు.

ఇంకో మూడు రోజుల్లో గడువు అయిపోతుందనగా గుడ్డల కొట్టు పెద్దాయన వచ్చాడు, చేతిలో ఒప్పందం కాగితం.

"ఏమయ్యా, నాకు నువ్వివ్వాల్సింది అరవై వేలు. ఇందులో అరవై ఆరు వేలని ఉందేమిటి?"

బాబాయి నెమ్మదిగా, "కాస్త వదిలానండీ" అన్నాడు.

"ఏం వదిలావు?"

"రేపు వడ్డీ పెరిగితే చాలదేమోనని... ముందు జాగ్రత్తకి."

చూద్దుము కదా, నలుగురి బాకీకీ పదో వంతు కలిపి రాసుకొచ్చాడీ మహానుభావుడు! లోకంలో ఎవడైనా అప్పు తగ్గించి చెబుతాడు. ఈయన దానికి కూడా కుట్టు లోపల మడత వదిలాడు. పిన్ని కత్తెర బల్లమీద పడేసి లోపలికి పోయింది. అరగంట దాకా బయటికి రాలేదు.

లెక్క కుదరలేదని బ్యాంకు కూడా కాగితం వెనక్కి పంపేసింది. నాకు కాస్త నోరుందని పిన్ని బాబాయికి నన్ను తోడిచ్చి మేడం దగ్గరికి పంపింది. మేడం కళ్లజోడు నెత్తిమీదకి తోసింది.

"బాకీకి లూజు పెట్టకూడదండీ. ఉన్నది ఉన్నట్టు రాయాలి."

"పొరపాటైందమ్మా."

"సరే. మరి ఈ ఇంటి ఖర్చు కాగితంలో ఒక్క పైసా వదల్లేదేం? మీ ఆవిడ బీపీ మాత్రలేవి?"

"అది మా ఇంట్లోదే కదమ్మా, ఎలాగో సర్దుకుంటాం."

నాకు ఒళ్లు మండిపోయింది. వీధిలో ప్రతి నడుముకీ రెండంగుళాలు వదిలినవాడు, సొంత పెళ్లానికి నూలుపోగంత వదల్లేదు. అక్కడే నాలుగు కడిగేశాను. మేడం ఆపలేదు. తనే మాత్రల ఖర్చు కలిపింది, బాకీలు సరిచేసింది. గడువు ఇంకో రెండు వారాలు పెరిగింది. అంటే ఆ ఫోనూ, ఆ ఎదురుచూపూ మళ్లీ మొదటినుంచి!

కాగితం మీద బాకీ తగ్గేసరికి, కట్టేది అంతే కాబట్టి, రూపాయికి వచ్చే పైసలు కాస్త పెరిగాయి. గుడ్డల పెద్దాయన వెంటనే సంతకం పెట్టాడు. బ్యాంకు పెట్టింది. బావమరిది కూడా, పెన్ను బాగోలేదని సణుగుతూ, పెట్టాడు. అయినా ముప్పాతిక కాలేదు. మెషీన్ల కంపెనీవాళ్లకే రెండు లక్షలు రావాలి మరి. వాళ్లేమో కొట్లో పని నడుస్తోందో లేదో కళ్లతో చూశాకే చెబుతామన్నారు. వచ్చే సోమవారం పది గంటలకి వాళ్ల మనిషి వస్తాడు.

ఏం చూస్తాడు వచ్చి? మీరంతా పారిపోయాడు, పారిపోయాడు అని ఊదరగొడితే గుడ్డ ఇచ్చేవాడు ఎవడు? నిన్న బల్లమీద ఉన్నవి రెండే. ఊడిన జిప్పుతో ఒక సంచి, అంచు కుట్టమని నేనిచ్చిన దుప్పటి. ఆ దుప్పటి అంచు నిరుడే కుట్టాడు. విప్పి మళ్లీ ఇచ్చాను, ఆయనకి చెప్పకండి.

అందుకని అడుగుతున్నాను. సోమవారం లోపల ఒక్కసారి మా వీధికొచ్చి బాబాయి ఎలా ఉన్నాడో చూసి వెళ్లండి. అయ్యో పాపం అనడానికైతే రాకండి, అది విని విని ఆయనకి విసుగొచ్చింది. మీ ఇంట్లో బిగుతైన ప్యాంటు ఉంటే పట్టుకురండి. ఎప్పుడో ఆయన కుట్టిందే అయితే లోపల గుడ్డ కోసం వెతుక్కోనక్కర్లేదు. రెండంగుళాలు వదిలే ఉంటాడు.