చెరువుకు అయిదు మార్కులు

ఆ రోజుల్లో బెంగళూరులో చెరువులు బాగుచేయడమంటే ఇంజినీర్ల పనే. అందులో మనుషుల సంగతి కూడా చూడాలని నిధులిచ్చే పెద్దలు షరతు పెట్టేసరికి, సమాజశాస్త్రం ఎం.ఏ. చదివిన నాకు ఉద్యోగం దొరికింది. హోదా ‘మానవ విలువల సమన్వయకర్త’, కుర్చీ జిరాక్స్ మిషను పక్కన. (పెద్ద ఇంజినీరు సారు నన్ను ‘విలువలమ్మా’ అని పిలిచేవారు. గౌరవమనుకుని మురిసిపోయేదాన్ని.)

బొమ్మసంద్ర వైపు ఒక చెరువు చుట్టూ ఇనుప కంచె వేయాలని, ముందుగా జనం అభిప్రాయాలు తెమ్మని నన్ను పంపారు. మెడలో కార్డు, చేతిలో ఫారాలు పెట్టిన అట్ట, కలెక్టరమ్మకు కూడా అంత ఠీవి ఉండదు. గట్టు మీద గడ్డి కోస్తున్న అవ్వను ఆపి, “ఈ చెరువు మీకెంత ముఖ్యం? ఒకటి నుంచి అయిదు లోపల చెప్పండి” అన్నాను.

“నా ఆవుకు గడ్డి ఈడే ఉండాది. ఇది లేకుంటే ఆవును అమ్ముకోవాల్సిందే. దానికి నెంబరేముండాదమ్మా? కంచె ఏస్తే నాకు దోవ పెడతారా?” అంది అవ్వ.

ఫారంలో దోవకు గడి లేదు. అయిదు చుట్టూ సున్నా చుట్టి, “మీ అభిప్రాయం నమోదైంది” అన్నాను గంభీరంగా.

దాదాపు అందరివీ అయిదులే. నేను రంగురంగుల గ్రాఫు గీసిస్తే సారు సంబరపడిపోయారు. “నోడమ్మా, ఇలా చూడు, జనానికి ఈ చెరువంటే ఎంత ప్రాణమో. ఇంత విలువైనదాన్ని ఊరికే వదలకూడదు, కంచె ఇంకో రెండడుగులు లేపుదాం” అన్నారు. (అవ్వ అయిదు కూడా ఆ రెండడుగుల్లో కలిసిందని నాకు తట్టలేదు. నా శాస్త్రం ఇంజినీర్ల కొలతలనే మార్చేసిందని పొంగిపోయాను.)

కంచె లేచింది. ఉన్న ఒక్క గేటూ వాకింగుకు వచ్చేవాళ్లకే, కొడవలి కనిపిస్తే కాపలా మనిషి వెనక్కి పంపేవాడు. ప్రారంభోత్సవం రోజు అవ్వ కంచె బయట నుంచి నన్ను పిలిచింది.

“నేను చెప్పింది రాసుకుంటివి కదమ్మా. ఏం రాస్తివి?”

“అయిదు.”

“ఎంతకి?”

“అయిదుకే.”

“అంటే పాసైతిని. మరి నా దోవేదీ?”

సారు దగ్గరికి వెళ్లి చిన్న గేటు అడిగితే, “డిజైన్ అయిపోయింది కదమ్మా. విలువలు నెక్స్ట్ ఫేజ్‌లో చూద్దాం” అన్నారు కేసరిబాత్ తింటూ.

నెల తర్వాత తనిఖీకి వెళ్తే వెనకవైపు రెండు కడ్డీలు ఎవరో వంచేసి పెట్టారు. ఆ సందులోంచి ముందు గడ్డిమోపు బయటికొచ్చింది, దాని వెనక అవ్వ. నన్ను చూసి అవ్వ ఆగిపోయింది. నేను ఫారం తీసి, ‘కంచె పరిస్థితి’ అన్నచోట ‘బాగుంది’ అని రాశాను.

ఇప్పుడు ఆ ఫారాలు తయారుచేసేది నేనే. గళ్లు పెరిగాయి, నాకు అద్దాల గది వచ్చింది, కడ్డీ వంగితే వెంటనే వెల్డరును పంపమని సంతకం పెట్టేదీ నేనే. ఆనాడు ‘బాగుంది’ అని అబద్ధం రాసిన నాలోని ఆ పిల్లను తలుచుకుంటే నవ్వొస్తుంది. నా ఉద్యోగం మొత్తంలో మానవ విలువలను సమన్వయపరిచింది తనొక్కతే.