ర్యాంపు మీద బురద

ఫోన్లో నాకు మంచు దేశాల వీడియోలు వస్తుంటాయి. ఒకసారి చూసిన పాపానికి ఇప్పుడు రోజూ అవే. ఇంటి ముందు కారు దారి మీద మోకాలి లోతు మంచు, దాన్ని పారతో ఎత్తి పక్కకు పోసే మనుషులు. కొందరు ఉప్పు చల్లుతారు, కొందరు యంత్రం తోస్తారు. తిరుపతిలో పుట్టి పెరిగినవాడివి, నీకు మంచుతో ఏం పని అని ఇంట్లో నవ్వుతారు. నాకు ఆ పని కొత్తగా అనిపించదు. మా ఇంటి ముందు చేరేది మంచు కాదు, కొండ మీది నుంచి వానతో దిగే ఎర్రమట్టి. అంతే తేడా.

మా వీధి కొండ వైపు నుంచి వాలుగా దిగుతుంది. చివరి నుంచి రెండో ఇల్లు మాది. కార్తీకంలో గట్టి వాన పడితే వీధి నీళ్ళన్నీ మా గేటులోకి దూరి, కాసేపు నిలిచి, మట్టిని మాకు వదిలేసి వెళ్ళిపోతాయి.

నాయనకు కాళ్ళు పట్టు తప్పాక వరండా నుంచి గేటు దాకా సిమెంటు ర్యాంపు వేయించాను. అప్పటికే కిడ్నీలు చెడి, మంగళవారం, శుక్రవారం ఆయనకు డయాలసిస్ జరిగేది. పొద్దున ఆరుకు ఆటో వచ్చి గేటు ముందు రెండుసార్లు హారన్ కొట్టేది. ఆటో అతనిది వడమాలపేట. మాట తక్కువ, టైము తప్పడు. నేను నాయనను చక్రాల కుర్చీలో కిందికి దించి, ఆటో ఎక్కించి, ఆస్పత్రిలో దిగబెట్టి, అటునుంచి అటే చిత్తూరు బస్సు పట్టుకునేవాణ్ణి. అక్కడ ఒక వకీలు దగ్గర గుమాస్తా పని. ఒక్క విడత తప్పితే నాయనకు కాళ్ళు ఉబ్బిపోయేవి, ఊపిరి ఆడేది కాదు. అందుకే ఆ పదిహేనడుగుల సిమెంటు మీద బురద ఉందా లేదా అన్నది మా ఇంట్లో అన్నిటికంటే పెద్ద సంగతి.

మొదటి ఏడాది నీళ్ళ పైపు పెట్టి కొట్టాను. బురద బాగానే పోయింది, పక్కింటి వాకిట్లోకి. పక్కింటాయన లుంగీ ఎగ్గట్టి వచ్చి నిలబడ్డాడు.

"ఏమప్పా, మీ మట్టంతా మాకు పంపిస్తాండావే?"

"మట్టి నాది కాదప్పా, కొండది. పోయి కొండనడుగు" అన్నాను.

నా నోరు అంతే. ఆయన నెల రోజులు నాతో మాట్లాడలేదు. ఆ నెల రోజులూ వాళ్ళ ఇంట్లో నుంచి మాకు రావలసిన కరివేపాకు కూడా రాలేదు.

తరువాత వీడియోల్లో చూసిన తెలివితో ఉప్పు చల్లాను. అమ్మ ఆవకాయకని దాచుకున్న రాళ్ళ ఉప్పు. అది గాలిలో తేమనంతా లాగి, బురదను ఇంకో రెండు రోజులు ఆరనివ్వలేదు. నాయన వరండాలో కూర్చుని అంతా చూసి, చివరికి అన్నాడు.

"బురదను కూడా ఊరేస్తావేమిరా? ఎండనీ. ఎండితే పెచ్చులు పెచ్చులుగా అదే లేసొస్తాది."

"రేపు శుక్రవారం నాయనా. యాడ ఎండనిచ్చేది?"

"అట్లయితే పలక కట్టు."

ఆయన మడి చదును చేసిన మనిషి. చెక్కపలకకు రెండు తాళ్ళు కట్టించి, ఎట్లా వంచి లాగాలో కూర్చున్నచోటు నుంచే చెప్పాడు. పార గీరే చోట పలక జారుతూ పోయింది. అరగంటలో బురద ర్యాంపు పక్కన గట్టుగా చేరింది. కానీ సిమెంటు మీద సన్నటి పొర ఒకటి మిగిలిపోతుంది. అసలు ప్రమాదం దానిదే. కంటికి కనబడదు, కాలు పెడితే జారుతుంది. దాని మీద రంపపు పొట్టు చల్లి, అది తేమ పీల్చాక కొబ్బరి చీపురుతో ఊడవాలి. తరువాత నీటిచుక్క తగలకూడదు. ఈ పద్ధతి పట్టుబడేసరికి నాకు తల ప్రాణం తోకకు వచ్చింది.

నీటిచుక్క తగలకూడదన్న చోటే అమ్మతో పేచీ వచ్చింది. అమ్మ పెళ్ళయి వచ్చిన నాటి నుంచి తెల్లవారుజామున వాకిట్లో పేడనీళ్ళ కళ్ళాపి చల్లి ముగ్గు పెట్టని రోజు లేదు. సిమెంటు వేశాక కూడా మానలేదు. మా వైపు ముగ్గు లేని వాకిలి కనబడితే ఆ ఇంట్లో ఎవరో పోయారని అర్థం. దారిన పోయేవాళ్ళు అడగరు, గొంతు తగ్గించి దాటిపోతారు.

"వానాకాలం నాలుగు దినాలు మానుకోమ్మా" అన్నాను.

"మానుకుంటే ఏమనుకుంటారు జనాలు? మనిషి ఉండాడా, పోయినాడా అని కదా? బోసి వాకిలి దాటించి మనిషిని ఆస్పత్రికి పంపిస్తామా?"

నేను గట్టిగా వద్దన్నాను. సరేనంది. ఆ సరేను నేను నమ్మడం నా తప్పు.

ఒక మంగళవారం నేను స్నానంలో ఉండగా అమ్మ చెంబు పట్టుకుని వెళ్ళి, పలచగానే, ఎవరికీ తెలియకుండా కళ్ళాపి చల్లింది. రెండు గీతల ముగ్గు కూడా పెట్టింది. ఆటో హారన్ వినబడింది. నేను నాయనను కూర్చోబెట్టి దించుతున్నాను. సగం దారిలో నా కాళ్ళు రెండూ ఒక్కసారి లేచిపోయాయి. కుర్చీ చేతిలోంచి జారి, నాయనతో సహా గేటు వైపు పరుగెత్తింది. నేను వెల్లకిలా పడి చూస్తున్నాను. నాయన డయాలసిస్ సూదులు గుచ్చే ఎడమచేతిని పైకి ఎత్తి పట్టుకున్నాడు, వాగు దాటేవాళ్ళు మూట ఎత్తి పట్టుకున్నట్టు. ఆటో అతను గేటులోకి ఉరికి కుర్చీకి అడ్డం నిలబడ్డాడు. నాయన మోకాలు మాత్రం గేటు ఇనుముకు గీసుకుంది.

"చెయ్యి బాగుండాదప్పా" అన్నాడు నాయన, ఎవరూ అడగకముందే.

నాకు ఒళ్ళు మండింది. భయం కూడా వేసింది, కానీ బయటికి వచ్చింది కోపమే. వీధంతా వినేటట్టు అమ్మతో అన్నాను.

"నీ ముగ్గే ఆయన్ను సంపేస్తాది, సూస్తా ఉండు."

అమ్మ చెంబు కింద పెట్టి లోపలికి పోయింది. ఆ మాట నేను వెనక్కి తీసుకోలేదు. తీసుకోవాలని చాలాసార్లు అనుకున్నాను. బస్సులో అనుకునేవాణ్ణి, ఇంటికి వచ్చేసరికి ఏదో ఒక పని ఉండేది.

ఆ తరువాత అమ్మ ర్యాంపు మీద నీళ్ళు చల్లలేదు. గేటు పక్కన ఒక నాపరాయి వేయించుకుని, దాని మీద పొడిపిండితో అరచేతి అంత ముగ్గు పెట్టేది. మంగళవారం, శుక్రవారం మాత్రం నా కంటే ముందు లేచి మరీ పెట్టేది. ఆటో అతను దాని మీద చక్రం ఎక్కకుండా ఒక మూర అవతల ఆపేవాడు. రెండు వానాకాలాలు అట్లా గడిచాయి. బురద వచ్చేది, పలక లాగేవాణ్ణి, నాయన వరండాలో నుంచి ఎడమకు, కుడికి అని చెప్పేవాడు.

నాయన ఒక శనివారం మధ్యాహ్నం పోయాడు. జారిపడి కాదు, వాన వల్ల కాదు. అన్నం తిని పడుకుని, లేవలేదు. ఆదివారం పనులు ముగిశాయి. చుట్టాలకు, ఆస్పత్రికి, వకీలుగారికి అందరికీ నేనే ఫోన్లు చేశాను.

మంగళవారం పొద్దున వరండాలో కూర్చుని ఉన్నాను. ఆరవుతోంది. ర్యాంపు పొడిగా, శుభ్రంగా ఉంది. ఎన్నేళ్ళుగానో నేను కోరుకున్నట్టు ఒక్క నీటిచుక్క లేదు. ఆటో చప్పుడు వినబడ్డాకే గుర్తొచ్చింది, అతనికి చెప్పలేదని.

అతను ఎప్పటిలాగే గేటుకు ఒక మూర అవతల ఆపాడు. హారన్ మీద చెయ్యి వేసి నాపరాయి వైపు చూశాడు. రాయి మీద ఏమీ లేదు. చెయ్యి తీసేశాడు. ఇంజను ఆపి, దిగి, చెప్పులు గేటు బయట వదిలి లోపలికి వచ్చాడు.