మందలు కొండకు పోయినాక వచ్చిన ఎన్నిక

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన మరుసటి ఏడు, అర్ధవీడు వైపున ఒక గ్రామానికి గురవయ్య పంచాయతీ ప్రెసిడెంటుగా ఎన్నికయ్యాడు. గొర్రెల వెంట నడిచి పెరిగిన మనిషికి ఆ కుర్చీ దక్కడం ఆ ప్రాంతంలో అదే మొదలు. ఆనాడు చావడి ముందు అతని కోసం లేచిన చేతులలో అధికభాగం కాపరుల పేటవే.

పదవి వచ్చిన పిమ్మట అతడు మందను తమ్ముడు గంగయ్యకు అప్పగించి సేద్యంలో దిగాడు; ఖద్దరు తొడిగాడు. బడికి కప్పు వేయించాడు, కంభం బాటకు కంకర తోలించాడు. మిగిలినది పేటకు మంచినీళ్ల బావి. అనుమతి వచ్చి తవ్వకం మొదలైంది గాని, రాతిపొర అడ్డుపడి సగంలో ఆగింది. ఈలోగా పదవీకాలం ముగియవచ్చింది. తాను గెలిస్తే ఆ బావిని బజారులోకి మార్పిస్తానని ప్రత్యర్థి, దుకాణం శ్రీరాములు, బాహాటంగానే చెప్పాడు.

ఏ రోజులైతే ప్రజలకు అనుకూలమని ఎన్నికల అధికారి మర్యాదకు అడిగాడు.

"ఉగాది దాటినాక పెట్టండి సార్. కళ్లాలు అయిపోయింటాయి, అందరికీ తీరిక" అన్నాడు గురవయ్య.

ఇంట ఆ మాట వినగానే భార్య చెంచమ్మ చేతిలోని చెంబు కింద పెట్టింది.

"ఏంది నువ్వు చెప్పొచ్చింది? ఆ ఎండలకు మేతేది? పేట పేటంతా పిల్లాజెల్లాతో నల్లమలకు పోదా? ఖద్దరు తొడిగితే కొండను గూడా మరిచిపోయినావా?"

గురవయ్య మర్నాడే అధికారి వద్దకు పరుగెత్తాడు. అప్పటికే చాటింపు వేయించారు, తేదీ మారలేదు. ఎన్నిక దగ్గరపడగా, పేటవాళ్లను పిలుచుకు రమ్మని కొండకు మనిషిని పంపాడు. "మందను పులికి ఇడిసిపెట్టి ఎట్ల వచ్చేది? అన్నకు చెప్పు" అని గంగయ్య కబురు పంపాడు.

చావడి ముందు శ్రీరాములు పేరు చదవగానే చేతులు గుంపుగా లేచాయి. గురవయ్య పేరుకు అక్కడక్కడ ముసలి చేతులు మాత్రమే లేచాయి. వారిలో పుల్లమ్మ రెండు చేతులూ ఎత్తింది.

"ఒకటి దించవమ్మా" అన్నాడు అధికారి.

"అది నా కొడుకుది సామీ! కొండకు పోయినాడు."

జనం గొల్లున నవ్వారు. గురవయ్య తల వంచుకున్నాడు.

తొలకరికి మందలు తిరిగి వచ్చాయి. సగం తవ్విన గుంటలో నీళ్లు చూసి గంగయ్య ముఖం వెలిగింది.

"నీళ్లు పడినాయా అన్నా?"

"వాన నీళ్లురా" అన్నాడు గురవయ్య. గుంటలోకి చూస్తూ, "వచ్చే ఏడు నేను గూడా కొండకొస్తా" అన్నాడు.

"నీ కాళ్లకు కొండ ఇంక చాతగాదులే అన్నా."

బిందెలతో వాగుకు పోతున్న పేట ఆడవాళ్లకు దారి ఇచ్చి, గురవయ్య గుంట గట్టున పక్కకు నిలబడ్డాడు.