ఎర్రకాళ్ల బల్లి

అరచేతిలో పట్టేంత బల్లి ఒకటి నా పరువును ఒకే సాయంత్రంలో ఎలా బజారుకీడ్చిందో చెబుతాను. నవ్వొస్తే మొహమాటపడకండి. మా అక్క ఇప్పటికీ పడదు.

డెబ్బైల చివరి మాట. ఆదోని కాలేజీలో జంతుశాస్త్రం డిమాన్‌స్ట్రేటరుగా చేరి, పరిశోధనకు సీటు ఇమ్మని అనంతపురంలో ఒక ప్రొఫెసరు చుట్టూ ప్రదక్షిణలు చేస్తున్న రోజులు. "కొత్త విషయం ఏదైనా పట్టుకుని రావయ్యా, చూద్దాం" అన్నారాయన.

ఆ ఆదివారం ఎమ్మిగనూరులో అక్క ఇంటికి పోయాను. బావ మగ్గాల నూలుకు రంగులద్దుతాడు. దీపం పెట్టే వేళకు వసారా గోడ మీద ఒక బల్లి కనిపించింది. పెళ్లికూతురు పారాణి పెట్టుకున్నట్టు దాని నాలుగు కాళ్లూ ఎర్రగా ఉన్నాయి! నేను ఎగిరి స్టూలెక్కాను.

"ఒరేయ్, అది మీద పడితేనే తలకు పోసుకోవాల. నువ్వు ఎగబడి పట్టుకుంటాండావేమిరా?" అని అక్క అరిచింది.

"ఇది మామూలు బల్లి కాదక్కా! ఆదోనిలో ఇట్లాంటిది ఒక్కటీ లేదు. దీని రక్తంలోనే తేడా ఉండాది."

"తేడా ఎవరి రక్తంలో ఉండాదో నాకు తెలుసులే" అంది అక్క.

బావ రంగుల పని నాకు తెలియదా అంటారా? తెలుసు. బల్లి కాళ్లు ఎర్రగా ఉన్నాయనీ తెలుసు. కానీ చదువుకున్నవాడి బుర్రలో ఈ రెండు సంగతులూ ఒకదాన్నొకటి పలకరించుకోవు. తరతరాలుగా ఎమ్మిగనూరు బల్లులు వేరే వంశంగా విడిపోయాయని నాకు నేనే తేల్చేసుకుని, మరుసటి వారమే ప్రొఫెసరుగారిని బస్సెక్కించి తీసుకొచ్చాను.

"ఏదయ్యా, నీ ఎర్రకాళ్ల బల్లి?"

గోడ వైపు చూశాను. రెండు బల్లులు పక్కపక్కనే ఉన్నాయి. రెండిటి కాళ్లూ చిలకపచ్చ!

మనిషన్నవాడు అక్కడైనా ఆగాలి కదా? నేను ఆగలేదు. "సార్! ఇంకో కొత్త జాతి!" అని కేకపెట్టాను.

ప్రొఫెసరు నా చేత ఆ రెండిటినీ పట్టించి, తడి రుమాలుతో ఒకదాని కాలు తుడిచారు. రుమాలు పచ్చబడింది, కాలు తెల్లబడింది. పెరట్లోకి తొంగి చూస్తే, గోడ పొడవునా పచ్చరంగు కారుతున్న నూలు చిలపలు ఆరేసి ఉన్నాయి. బల్లులు వాటి మీదుగా దర్జాగా పురుగుల వేటకు తిరుగుతున్నాయి.

ఆయన బావను అడిగారు: "వచ్చే వారం ఏ జాతి?"

"పసుపు యేస్తాండాం సార్" అన్నాడు బావ, పాపం, ఎంతో మర్యాదగా.

భూమిలోకి కూరుకుపోదామంటే కింద బండలు పరిచి ఉన్నాయి. ప్రొఫెసరు కళ్లనీళ్లు తుడుచుకునేదాకా నవ్వారు. తర్వాత భూతద్దం తీసి రెండు బల్లులనూ మార్చి మార్చి చూసి, నా వైపు తిరిగారు.

"దీని తోక నున్నన. దాని తోక మీద ముళ్లలా గరుకు. వేళ్ల కింద మడతలు కూడా దేనికది వేరు. ఇవి నిజంగానే రెండు జాతులయ్యా! కొత్తవి కావు, నువ్వు చూడనివి. రోజూ ఒకే గోడ మీద తిరుగుతుంటే నువ్వు రంగు చూసి మురిసిపోయావు. సీటు ఇస్తాను. వేళ్లు లెక్కపెట్టడం దగ్గర మొదలుపెట్టు."

ఆనందంతో ఆయన కాళ్లకు దండం పెట్టాను. అంతలో అక్క వచ్చి, బల్లుల్ని ముట్టుకున్న పాపానికి ఇద్దరినీ తలస్నానానికి తరిమింది. నెత్తిన చెంబుడు నీళ్లు పడుతుండగా, ఆ గంగమ్మ సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను: ఇక ఈ జన్మలో ఏ ప్రాణికైనా సరే, కాళ్లు కడగకుండా వంశం అంటగట్టను!