సంచుల కింద ఇన్హేలర్

ఉతికిన బట్టలు మంచం మీద పోసి, మడత పెట్టబుద్ధి కాక, వాటి పక్కనే ముడుచుకుని పడుకున్న రోజున ఏదో తేడాగా ఉందనిపించింది. జ్వరం లేదు, నొప్పి లేదు. ఒట్టి బద్ధకం నాకు, అని నన్ను నేనే తిట్టుకున్నాను.

పామర్రులో అమ్మ పోయి అప్పటికి కొన్ని నెలలు. ఎవరు పేరంటానికి పిలిచినా వెళ్లొచ్చి, తాంబూలం సంచి విప్పకుండా పడేసేదాన్ని. బొట్టు పెట్టి ఇచ్చిన జాకెట్టు ముక్కను పారెయ్యకూడదాయె. ఇంకొకరికి పెడదామంటే ఇంటికి మనిషిని పిలిచే ఓపిక లేదాయె. పామర్రు నుంచి తెచ్చుకున్న అమ్మ చీరల మూటలతో కలిసి పడగ్గది నిండి, హాలు నిండి, సంచులు అత్తగారి మంచం దాకా వచ్చాయి. చూస్తే గుండె దడ. దడ పుడితే చెయ్యి అసలే ఆడేది కాదు.

ఒకరోజు పొద్దున్నే అత్తగారికి ఆయాసం ఎక్కువైంది. ఆవిడకు ఆస్తమా. "అమ్మాయ్... ఇన్హేలర్..." అంటున్నారు, మాట రావట్లేదు. సంచి మీద సంచి బోర్లించాను. ఎండిన తమలపాకులు, నల్లబడ్డ అరటిపళ్లు. ఇన్హేలర్ ఆ సంచుల కింద ఎక్కడుందో, దొరకలేదు. ఆవిడ పెదాలు నీలంగా మారుతున్నాయి. భగవంతుడా, నా కళ్లముందే పోతారా ఈవిడ! మా ఆయన ఎత్తుకెళ్లి ఆటో ఎక్కించారు.

ఎమర్జెన్సీలో ఆక్సిజన్, నెబులైజర్ పెట్టారు. "ఇంకాస్త ఆలస్యమైతే వెంటిలేటరేనండీ. ఇంట్లో ఇన్హేలర్ లేదా?" అంది డాక్టరమ్మ. అత్తగారు మాస్కు పక్కకు లాగి, "నేనే ఎక్కడో పారేసుకున్నానమ్మా" అన్నారు. నన్ను కాచడానికి! అక్కడే భోరుమన్నాను. డాక్టరమ్మ నావైపు తిరిగి, "మీకు నిద్ర పడుతోందా?" అని అడిగి, సైకియాట్రిస్టుకు రాసిచ్చింది.

"డిప్రెషన్" అన్నారాయన.

"ఇల్లు సర్దుకుంటే పోతుందా సార్?"

"ముందు మందులతో మనసు కాస్త తేరుకోనివ్వండమ్మా. అప్పుడు ఒక మూల సర్దండి. ఆ మూల చూసి ఇంకొంచెం తేరుకుంటారు."

టాబ్లెట్లు పని మొదలుపెట్టేలోపే మా ఆయన, నేను కాలేజీలో పాఠం చెబుతున్న పూట, పడగ్గదిలోవన్నీ పాత సామాన్లవాడికి వేసేశారు. అమ్మ చీరలూ పోయాయి. "నీ మంచికేగా" అంటారు! అన్నం మానేశాను, మందులూ మానేశాను. ఆ ఖాళీ గదిని మళ్లీ అట్టపెట్టెలతో నింపాను. డాక్టరు మా ఆయన్ని కూర్చోబెట్టి, "ఆవిడ వస్తువు ఆవిడ చేత్తోనే బయటికి పోవాలండీ" అని గట్టిగా చెప్పారు.

మళ్లీ మందులు మొదలుపెట్టాక, హాల్లో అత్తగారు కుర్చీ వేసుకుని కూర్చునేవారు. నేను సంచి విప్పితే, "ఇది పక్కింటావిడకి పెట్టు, పిలువు" అనేవారు. మొదట్లో గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చేసేదాన్ని. తర్వాత్తర్వాత పిలిచి బొట్టు పెట్టగలిగాను, సంచులు ఒక్కొక్కటే తగ్గాయి.

ఇప్పుడు డోసు తగ్గింది, మందు మానలేదు. దడ పుట్టిన రోజు దాచుకోను, అత్తగారికి చెప్పేస్తాను.

మీ ఇంట్లో ఎవరైనా ఇలా పోగేస్తుంటే చీపురు తియ్యకండి, ఆ మనిషిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. మేం ముగ్గురం రోజూ ఆ సంచులు దాటుకుంటూనే తిరిగాం. ఇల్లు పాడైందనుకున్నామే గానీ, నాకు బాగాలేదని ఒక్కరికీ తట్టలేదు.