నాలుక లేని గంట

ఇందులో ప్రతి మాటా నిజం. ఒట్టు పెట్టుకోకూడదని మా ప్రార్థనాలయం అయ్యగారు చెప్పారు కాబట్టి పెట్టడం లేదు గానీ, పెట్టవచ్చునంటే గోదావరిలో మెడలోతున నిలబడి పెడతాను. కాకినాడ నుంచి ధవళేశ్వరం దాకా నన్ను ఎరిగినవాళ్ళు ఈ మాటకి నవ్వుతారు. నవ్వనీయండి.

దెయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. నమ్మేవాణ్ణయితే అన్ని దెయ్యాలను పుట్టించే ధైర్యం నాకెక్కడిది? సామర్లకోట దగ్గర తల లేని పడవ సరంగు ఒకడు గట్టు మీద తిరుగుతాడని పడవలవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఒక వానాకాలం సాయంత్రం, చుట్ట ముక్క కోసం కథ అల్లి, వాడి తల తీసేసింది నేనే.

కాలవ మీద నాకొక చిన్న పడవ ఉండేది. చుక్కాని దగ్గర నేను. గట్టు మీద నడుస్తూ పడవకి కట్టిన తాడు లాగడానికి నా బావమరిది. లోపల వంటా సామానూ చూసుకుంటూ నా భార్య నూకాలు. బావమరిది అంతకుముందు పోలయ్య. రాజమహేంద్రవరంలో మిషను దొరగారి బోధ విని క్రైస్తవుడై యాకోబు అయ్యాడు.

మాకు సత్తెమ్మ అని ఒక్క కూతురు. పడవలోనే నడక నేర్చింది. ఒకసారి కడియం ఇంకా కాస్త దూరముందనగా వాంతులు పట్టుకున్నాయి. తెల్లారేసరికి పోయింది. ఇంటికి తీసుకుపోయే వీలు లేక అక్కడే, కాలవ గట్టు పక్కన, తాటి తోపు మొదట్లో పూడ్చి వచ్చాం.

ఆ తర్వాత ఆ చోట నేను పడవ ఆపలేదు. తాటి తోపు కనబడగానే పెద్ద గొంతుతో ఏదో ఒక కథ ఎత్తుకునేవాణ్ణి. నూకాలు మాత్రం ప్రతిసారీ అడిగేది.

"ఒక్క గడియ ఆపు మావా. చూసొచ్చేస్తాను."

"సరుకు ఆలస్యమైతే షావుకారు ఊరుకుంటాడేంటే?"

రానురాను అడగడం మానేసింది. తర్వాత నాతో మాటలే మానేసింది. ఈ ప్రయాణం అయ్యాక పుట్టింటికి పోతాననీ, మళ్ళీ ఈ పడవ ఎక్కననీ తమ్ముడితో చెప్పిందట. వాడు నాకు చెప్పాడు. నేను దానికీ ఒక హాస్యం ఆడాను.

ఆ ప్రయాణంలో మా సరుకు ఒక కంచు గంట. దొరగారి ప్రార్థనాలయం కోసం ఓడలో కాకినాడకి వచ్చింది. గంటను గడ్డిలో చుట్టి పడవ అడుగున పెట్టాం. లోపల వేలాడే నాలుకను విడిగా గోనె సంచిలో కట్టి ఇచ్చారు. ఆ సంచి నూకాలు తలగడ అయింది.

యాకోబు ఆదివారం తాడు ముట్టడు. నీళ్ళ మీద బతికేవాళ్ళకి వారాలు ఎలా తెలుస్తాయి? అందుకని రోజూ పొద్దు గూకాక చిన్న తాడుకి ఒక ముడి వేసేవాడు. ఆరో ముడి పడితే మర్నాడు ఆదివారం.

"రేపు లాగను బావా."

"మోసేది మీ దేవుడి గంటేరా! దానికి కూడా సెలవేంటి?"

"అది మాత్రం మోగుతోందా? అదీ సెలవులోనే ఉంది."

"సరే. రేపు ప్రార్థన గంట నా చెవిన పడితే ఆపుతాను. పడకపోతే లాగాలి."

ఆ దారి పొడవునా ప్రార్థనాలయం ఒక్కటీ లేదని నాకు తెలుసు. వాడికీ తెలుసు. అయినా సరేనన్నాడు.

మర్నాడు పొద్దున్నే బయలుదేరాం. కాసేపటికి తాటి తోపు కనిపించింది. నేను గొంతు సవరించుకుని కథ మొదలెట్టాను.

అప్పుడు గంట మోగింది. గుళ్ళో గంటలా గణగణమని కాదు. ఒకటి, ఆగి ఇంకొకటి. నీళ్ళ మీదుగా వచ్చి పడవ చెక్కలు జుమ్మనేలా తగిలింది. గట్టు మీద, చాలా ముందున్న యాకోబు తాడు వదిలేశాడు. పడవ వెనక్కి జారబోయింది. లోపల బియ్యం చెరుగుతున్న నూకాలు చేట పట్టుకునే బయటికి వచ్చింది. ఇద్దరూ ఒకే వైపు చూస్తున్నారు, తాటి తోపు వైపు.

"విన్నావా బావా?" అని అరిచాడు వాడు.

"విన్నానురా!"

చుక్కాని గట్టు వైపు తిప్పాను.

ముందు సరుకు చూశాను. గంట గడ్డిలో కదలకుండా ఉంది. నాలుక సంచిలో ఉంది, వేసిన కట్టు వేసినట్టే.

పైకి వచ్చేసరికి నూకాలు గట్టెక్కేసింది. పూడ్చిన చోట దిబ్బ అణిగిపోయి గడ్డి మొలిచింది. దాని పక్కన కూర్చుని, ఎన్నాళ్ళకో నన్ను పిలిచింది.

"ఇలా రా మావా."

వెళ్ళాను. చెప్పడానికి ఒక్క కథా లేదు నా దగ్గర.

యాకోబు మెల్లగా అన్నాడు. "ప్రభువు పిల్లల్ని ఎత్తుకుని కూర్చునేవాడట బావా."

"మన సత్తెమ్మనా? అది కొత్తవాళ్ళు చేయి చాస్తే కరిచేదిరా!"

"కరిచే ఉంటుంది. ఆయన దించి ఉండడు."

నూకాలు నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. నేనూ ఏడ్చాను, మొదటిసారి. పొద్దు వాలేదాకా అక్కడే ఉన్నాం. అక్కడే వండుకుని తిన్నాం. నా లోపల ఇన్నాళ్ళూ రొద పెడుతున్నదేదో ఆగిపోయింది. ఆ నెమ్మదికి పేరు అప్పుడు తెలియదు. ఇప్పుడు ప్రార్థనలో కూర్చున్నప్పుడు అదే నెమ్మది తెలుస్తుంది.

రాజమహేంద్రవరం చేరాక ఇదంతా యాకోబు చెబితే దొరగారు ఆశ్చర్యపోయారు. మేము ఆగింది శనివారమట! కాకినాడలో అలసి పగలు నిద్రపోయిన రోజున యాకోబు లేవగానే ఒక ముడి, అన్నం తిన్నాక మరిచిపోయి ఇంకో ముడి వేశాడని తర్వాత తేలింది. శనివారం ఏ ఊళ్ళోనూ ప్రార్థన గంట కొట్టరు.

నూకాలు పుట్టింటికి పోలేదు. ఆ ఏడే మేమిద్దరం గోదావరిలో బాప్తిస్మం తీసుకున్నాం. సువార్త చదువుకోవాలని అయ్యగారి దగ్గర అక్షరాలు దిద్దాను. వాటితోనే ఇది రాస్తున్నాను. ఇప్పుడు కడియం మీదుగా వెళ్ళిన ప్రతిసారీ తాటి తోపు దగ్గర పడవ ఆగుతుంది.

ఇందులో నేను కల్పించింది ఒక్కటుంది. గంట నాకు వినపడలేదు.

వాళ్ళిద్దరికీ వినపడింది. ఒకరు గట్టు మీద, ఒకరు పడవ లోపల. కూడబలుక్కునే వీలు లేదు. నాకు వినిపించింది నీళ్ళ చప్పుడే. చేట పట్టుకుని నిలబడ్డ నూకాలు ముఖం చూశాను, అంతే.

యాకోబు ఇది చదివి వినిపిస్తే నూకాలు ఏమంటుందో తెలియదు. నాకు తెలిసింది ఇదొక్కటే. నా అబద్ధాలన్నీ తీరిగ్గా కూర్చుని చెక్కుకున్నవి. "విన్నానురా" అన్నది మాత్రం నేను అనుకోలేదు. నోరు తెరిచేసరికి ఆ మాట అక్కడ ఉంది. ఎవరు తెచ్చి పెట్టారో ఈనాటికీ చెప్పలేను.